అగరొత్తి మందు

డాక్టర్ వకుళ ప్రయోగశాలలో మూడు మేకలు, ఒక యంత్రం, ఒక ఇత్తడి అగరొత్తుల స్టాండు ఉండేవి. మేకల్నీ యంత్రాన్నీ కాకినాడలోని పరిశోధన కేంద్రం వాళ్ళిచ్చారు. స్టాండు మాత్రం ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. వాళ్ళ నాన్నకు లేత్ మిషన్ల షెడ్డు ఉండేది. పొద్దున్నే మిషనుకి బొట్టు పెట్టి, అగరొత్తి తిప్పి, బెల్లంముక్క నైవేద్యం పెట్టనిదే ఆయన స్విచ్చి వేసేవాడు కాదు. "మనకి అన్నం పెట్టేదానికి ఓ దణ్ణం పెడితే సొమ్మేం పోయింది?" అనేవాడు. కూతురు ఎంత చదువు చదివినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఇక ఆ యంత్రం సంగతి. మన దవడ కింద లాలాజల గ్రంథులున్నాయి కదా, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. మట్టికుండ చెమర్చినట్టు ఆ నాళాల గోడల్లోంచి నీరు ఊరితే గ్రంథి తడుస్తుంది. గ్రంథి తడిస్తే నోరు తడుస్తుంది. ఈ చెమర్పుని కొలవడానికి అదివరకు తెలిసిన దారి ఒకటే. జంతువు నరంలోకి నీలంరంగు ఎక్కించి, కాసేపాగి, దాని ప్రాణం తీసి, గ్రంథిని కోసి ఎంత రంగు బయటికి కారిందో చూడటం. చదువుకునే రోజుల్లో వకుళ కూడా ఆ పని చేసింది. చేసిన పూటల్లా ఆవిడకి అన్నం సహించేది కాదు. చంపి కొలిచేది కొలతెలా అవుతుంది, అది పోస్టుమార్టం గానీ అని పంతం పట్టి, ఏళ్ళ తరబడి తంటాలు పడి 'మిణుగురు'ని కనిపెట్టింది.

మిణుగురంటే ఒక చుక్క ద్రవం. పాలలో కలిపి తాగిస్తే రక్తంలో చేరి చడీచప్పుడు లేకుండా చీకటిగా తిరుగుతుంది. నాళం గోడ దాటి బయటికి వచ్చిందా, వెలుగుతుంది. దవడ కింద రూపాయి బిళ్ళంత పట్టీ అంటిస్తే ఆ వెలుగు ఆకుపచ్చగా పైకి కనిపిస్తుంది, ఎంత వెలిగిందో యంత్రం రాసుకుంటుంది. కొలత అయ్యాక మేక ఎంచక్కా వెళ్ళి గోడమీది సర్క్యులర్లు నములుకోవచ్చు. ఆ మూడు మేకలూ అదే చేసేవి.

మనుషులకి మిణుగురు వల్ల హాని లేదని తేలి అనుమతి వచ్చాక దాన్ని మొట్టమొదట వాడింది సామర్లకోటలో వకుళ ఇంట్లోనే. అత్తగారు భ్రమరాంబకి ఆ బిళ్ళ మీద మహా ముచ్చట పుట్టింది. కొడుకు శ్రీకర్ చేత మిణుగురు కలిపిన పాలు తాగించి, దవడకి దాన్ని అంటించి, దొండకాయ వేపుడు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఎలా ఉందిరా?"

"అమృతమే అనుకోమ్మా."

బిళ్ళ మటుకు చీకటిగా ఉంది.

"ఇంకాస్త వెయ్యనా?"

"వెయ్యి, వెయ్యి."

సరిగ్గా అప్పుడే వీధిలో పునుగుల బండి వచ్చి ఆగింది. కాగిన నూనె వాసన కిటికీలోంచి లోపలికి రాగానే శ్రీకర్ దవడ కింద దీపం వెలిగింది. భ్రమరాంబ గరిటె కింద పెట్టి కొడుకు కేసి ఎగాదిగా చూసింది.

"పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ అమృతం అంటున్నావు కదరా," అంది.

మింగలేక కక్కలేక శ్రీకర్ వేపుడు పూర్తి చేశాడు. ఆ రోజు నుంచీ బిళ్ళ ఆ వంటింటి గడప తొక్కకూడదని ఆవిడ శాసనం చేసింది. ఈ తమాషా అంతా చూసి పక్కగదిలోంచి మామగారు గవర్రాజు నవ్వాడు. నవ్వి, వెంటనే సీసా ఎత్తి నోట్లో ఒక గుక్క నీళ్ళు పోసుకున్నాడు. ఆయనకి నవ్వాలన్నా ముందో వెనకో నీళ్ళు కావాలి.

గవర్రాజు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. ఆయన ఉద్యోగం రైలుకి చేశాడో, ప్లాట్‌ఫారాల మీది తిండికి చేశాడో చెప్పడం కష్టం. ఏ స్టేషన్లో ఇడ్లీ మెత్తగా ఉంటుందో, ఏ క్యాంటీన్లో పెసరట్టుకి అల్లం పచ్చడి కలుస్తుందో ఆయనకి టైం టేబులంత ఖచ్చితంగా తెలుసు. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ పెదాలతో ఈల వేసేవాడు. ఈల వినిపిస్తే భ్రమరాంబ కాఫీ కలిపేది. ఆయన కేకేసి అడగాల్సిన పని ఆ ఇంట్లో ఎప్పుడూ పడలేదు.

తర్వాత గొంతులో గడ్డ వచ్చింది. కిరణాలు పెట్టించారు. గడ్డ కరిగిపోయింది గానీ దాంతో పాటు నోట్లో తడి కూడా పోయింది. డాక్టర్లు బతికించారు కాబట్టి ఆయన ఫిర్యాదు చేసేవాడు కాదు. జావ తాగేవాడు, నీళ్ళు తాగేవాడు. ఎండిన పెదాల మీద ఈల పలకదు గనక గడ్డం నిశ్శబ్దంగా గీసుకునేవాడు. వకుళ రోజూ పాలలో మిణుగురు ఇస్తూ, ఆయన దవడకి బిళ్ళ అంటించి ఎన్నిసార్లు చూసినా అది మసిబొగ్గులా నల్లగానే ఉండేది.

ఆయన కోసం ఇంట్లోవాళ్ళు చేయని జాగ్రత్త లేదు. తాలింపు వేసే ముందు భ్రమరాంబ వంటింటి తలుపు మూసి, కింద సందులో తడి తువ్వాలు కుక్కి, ఫ్యాను వేసేది. ఆయన ముందు ఎవరూ తిండి ఊసెత్తేవారు కాదు. శ్రీకర్ బజ్జీలు తినాలంటే దొంగలా మేడమీదకి వెళ్ళేవాడు. తినలేని మనిషికి వాసన చూపించడం పుండు మీద కారం చల్లడమేనని అందరి అభిప్రాయం. వకుళదీ అదే.

ఆవిడ ఆశంతా మస్తాన్ మందు మీద ఉంది. మస్తాన్ ఆవిడతో కలిసి పనిచేసే మందుల శాస్త్రజ్ఞుడు, ఉత్సాహం వస్తే మేకలతో కూడా చర్చలు పెట్టే మనిషి. మూసుకుపోయిన నాళాలని మళ్ళీ చెమర్పించే మందు ఒకటి తయారు చేశాడు. గవర్రాజుకి పెట్టినటువంటి కిరణాలే కొద్దిగా పెట్టి ఆ మూడు మేకల గ్రంథుల్ని మొద్దుబార్చారు. పరగడుపున ఇవ్వాల్సిన మందు గనక మందిచ్చి పొద్దున కొలిచేవారు. మందు ప్రభావం దిగిపోయాక సాయంత్రం మళ్ళీ కొలిచేవారు. పొద్దున బిళ్ళలు మూడూ ధగధగా వెలిగేవి. సాయంత్రం మూడూ చీకటి. నెలల తరబడి ఒక్కరోజు కూడా ఇది తప్పలేదు. నైవేద్యం బెల్లం మేకలకే పెట్టేవారు గానీ, కొలత అయ్యేదాకా ఒక్క పలుకు కూడా పెట్టకూడదని వకుళ నియమం. ఆ విషయంలో ఆవిడ మహా నిక్కచ్చి.

రోగుల మీద పరీక్షకి అనుమతి అడుగుతూ కమిటీకి కాగితాలు వెళ్ళాయి. మొదటి రోగుల్లో మీరుంటారని వకుళ మామగారికి చెప్పింది. అది విన్న కాణ్ణుంచీ ఆయనకి పగ్గాల్లేవు. నోట్లో తడి తిరిగి రాగానే ఏ బండెక్కి ఏ స్టేషన్లో దిగాలో, ఎక్కడ ఏం తినాలో మంచం మీద పడుకునే వరస వేసుకోవడం మొదలెట్టాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని భ్రమరాంబ దెప్పేది. దెప్పి, వంటింట్లోకి వెళ్ళి కళ్ళొత్తుకునేది.

ఇలా ఉండగా ఒక ఉదయం వకుళ అగరొత్తి వెలిగించబోతుంటే గవర్రాజు ఫోను చేశాడు.

"అమ్మాయ్, పిఠాపురంలో మా అన్నయ్య మనవడికి మగపిల్లాడు పుట్టాడమ్మా. మనకి పురుడు. పది రోజులు దీపం, అగరొత్తి ఏమీ లేవు. నీ మిషనుకి కూడా వద్దు."

"మిషనుకి కూడానా మామయ్యగారూ?"

"మిషను మన మిషనే కదమ్మా."

వకుళ నవ్వుకుని అగ్గిపెట్టె సొరుగులో పడేసింది. పురుడంటే సంతోషమే కదా, దాయాదుల్లో కొత్త ప్రాణం. స్టాండు పక్కకి జరిపి, మేకలకి మందిచ్చి, బిళ్ళలు అంటించింది.

మూడూ చీకటి.

మర్నాడూ చీకటే. మస్తాన్ మందు మళ్ళీ కొత్తగా కలిపాడు. యంత్రం తీగలన్నీ ఊడదీసి బిగించాడు. మేకల నాలుకలు చూశాడు, వాటిని బతిమాలాడు. ఫలితం లేకపోయింది. కమిటీ సమావేశం దగ్గరికొస్తోంది. ఇంటికెళితే మామగారు "మందెలా ఉందమ్మా?" అని, ఊరికి వెళ్ళిన చుట్టాన్ని అడిగినట్టు మందు యోగక్షేమాలు అడిగేవాడు. "బాగుందండీ" అనేది వకుళ. ఆ మాట అన్నాక ఆయన మొహంలోకి చూడలేకపోయేది.

పురుడు వెళ్ళిన ఉదయం ఆవిడ తలస్నానం చేసి వచ్చింది. ఇన్నాళ్ళ అరిష్టం వదలాలని యంత్రానికి బొట్టు పెట్టి, కాస్త భక్తి ఎక్కువగానే అగరొత్తి వెలిగించింది. మస్తాన్ మూలన కూర్చుని మందు కొలుస్తున్నాడు. మేకల దవడలకి బిళ్ళలు అప్పటికే అంటించి ఉన్నాయి. మందు ఇంకా ఇవ్వలేదు.

పొగ మెల్లగా మేకల వైపు పాకింది. మూడు తలలూ ఒక్కసారే లేచాయి. మూడు బిళ్ళలూ ఒక్కసారే వెలిగాయి.

వకుళ చేతిలో అగరొత్తి అలాగే ఉండిపోయింది. మస్తాన్ చేతిలో మందూ అలాగే ఉండిపోయింది. ఇద్దరూ మేకల్ని చూశారు. మేకలు నైవేద్యం బెల్లం కేసి చూస్తున్నాయి.

"మేడమ్," అన్నాడు మస్తాన్ నెమ్మదిగా, "నేనింకా మందివ్వలేదండి."

ఆ తర్వాత ఒకరోజు అగరొత్తి వెలిగించి మందు మానేశారు. వెలుగే. మరొకరోజు మందిచ్చి అగరొత్తి మానేశారు. చీకటే. ఇంకేం మిగల్లేదు. పొగ వస్తే తర్వాత బెల్లం వస్తుందని మేకలకి తెలుసు. ఆ ఆశకే వాటి నాళాలు చెమర్చాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కారణాన్ని రోజూ తన చేత్తో వెలిగిస్తూ మందులో వెతికింది వకుళ.

"నెలల తరబడి అగరొత్తికి నా మందు పేరు పెట్టి తిప్పాం," అన్నాడు మస్తాన్. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మేక మెడ నిమిరాడు. "కాగితాలు వెనక్కి తీసుకుందామండి. రోగుల దాకా వెళ్ళకముందే తెలిసింది, అదే పదివేలు."

"నా వల్లే మస్తాన్."

"పూజ మీదే గానీ, వాసన బాగుందని రోజూ మెచ్చుకున్నది నేనే కదా. తప్పులో నాకూ వాటా ఉంది లెండి."

ఆ సాయంత్రం వకుళ కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరింది. గవర్రాజు వరండాలో ఉన్నాడు. ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా ఆయన పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. మందు లేదు, పరీక్ష లేదు, మీకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయాను అంది.

ఆయన సీసా ఎత్తి ఒక గుక్క తాగాడు.

"పోన్లేమ్మా. ఎన్ని బళ్ళు క్యాన్సిల్ అవలేదు," అన్నాడు. "మేకలు మాత్రం ఘటికురాళ్ళే. వాటికైనా ఊరింది కదా," అన్నాడు.

ఆయన తనని ఓదార్చడం వకుళకి మరీ దుఃఖం తెప్పించింది. ముఖం కడుక్కుందామని లోపలికి వెళ్ళింది. అత్తగారు మూకుడు పొయ్యిమీద పెట్టి, అలవాటుగా తలుపు మూసి, వంగి తువ్వాలు సందులో కుక్కుతోంది. వకుళ ఆ తువ్వాలు కేసి చూస్తూ నిలబడిపోయింది. ఈ ఇంట్లో ఆయన అగరొత్తులన్నీ మనమే ఆర్పేశాం అనిపించింది.

వంగి తువ్వాలు లాగేసింది. తలుపు బార్లా తెరిచింది. ఫ్యాను ఆపేసింది.

"అదేంటే? ఆయన బాధపడతారు," అంది భ్రమరాంబ.

"తాలింపు వెయ్యండి అత్తయ్యా."

ఆవాలు చిటపటలాడాయి. ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు వాసన ఇల్లంతా నిండిపోయింది. వకుళ ఉత్సాహంగా బిళ్ళ తీసుకుని వరండాలోకి పరిగెత్తింది. గవర్రాజు దవడకి అంటించింది. అది వెలగలేదు. ఆయన కళ్ళు మాత్రం నిండాయి.

"ఎందుకమ్మా ఇది?" అన్నాడు ఆయన, ఎప్పుడూ లేనంత కటువుగా. "జావ తాగేవాణ్ణి తాగనివ్వండి."

లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. చూశావా అన్నట్టు భ్రమరాంబ కోడలి కేసి చూసి లోపలికి వెళ్ళింది. ఒక పెద్దాయన్ని తన చేతులారా ఏడిపించానని వకుళ రెండు రోజులు ఇంట్లో తలెత్తలేదు.

మూడోనాడు మేకలకి బెల్లం పెడుతుంటే ఆవిడకి తట్టింది. మేకలకి పొగ వెనక బెల్లం తప్పకుండా వచ్చేది, ఒక్కరోజు కూడా అబద్ధం కాలేదు. మామగారికి వాసన వెనక ఏమొస్తుంది? జావే కదా. రాదని తెలిసినదాని కోసం గ్రంథి ఎందుకు తడుస్తుంది?

ఆ సాయంత్రం ఆయన మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది. "మామయ్యగారూ, మొన్న నాది పొరపాటే. ఊరించి ఊరుకున్నాను. ఈసారి ఊరించి పెడతాను. ఒప్పుకుంటారా?" అంది, మేకల సంగతంతా మళ్ళీ వివరంగా చెప్పి.

గవర్రాజు మంచం కింద నుంచి పాత ట్రంకుపెట్టె లాగి, అందులోంచి తన ఆకుపచ్చ జెండా తీశాడు.

"మాకు జెండా ఊగిందంటే బండి కదిలి తీరాల్సిందే. ఊపి బండి ఆపితే ఉద్యోగం ఊడుతుంది. మీ అత్తయ్యకి చెప్పు, ఇది ఊపాక తినడానికి ఏదో ఒకటి రావాలి."

అప్పటి నుంచి ఆ ఇంట్లో వంట రైల్వే వారి ఆధ్వర్యంలో నడిచింది. భ్రమరాంబ తలుపు తెరిచి తాలింపు వేసేది. వెయ్యగానే గుమ్మంలోకి వచ్చి జెండా ఊపేది. "ఈ వయసులో నాకీ ఉద్యోగమేంటి" అని సణుగుతూనే, వీధిలో వాళ్ళకి కనబడేంత పైకెత్తి ఊపేది. ఊపిన వెంటనే పప్పులోనో పులుసులోనో మెత్తగా తడిపిన రెండు మెతుకులు ఆయన నాలుక మీద పడేవి. మొదట్లో అవి మట్టిలా ఉన్నాయనేవాడు. శ్రీకర్ మేడమీద బజ్జీలు తినడం మానేసి తండ్రి పక్కనే కూర్చుని తినసాగాడు. తింటూ ఎలా ఉందో వర్ణించేవాడు. ఇంట్లో మళ్ళీ తిండి గురించి దెబ్బలాటలు మొదలయ్యాయి. ఏ పులుసులో బెల్లం వెయ్యాలి, ఎందులో వెయ్యకూడదు అని గవర్రాజు గొంతెండిపోయేలా వాదించేవాడు.

బిళ్ళ మాత్రం చీకటిగానే ఉంది. ఒకసారి వకుళకి పొగమంచులో దీపంలా ఏదో లీలగా కనిపించింది. లైటు ఆర్పి చూసేసరికి లేదు. నిజంగా వెలిగిందో, తన ఆశ వెలిగిందో ఆవిడ చెప్పలేకపోయింది.

పిల్లాడికి మూడో నెల వచ్చాక పిఠాపురంలో బారసాల. షామియానా నిండా బంధువులు. మస్తాన్ కూడా వచ్చాడు, పిల్లాడికి వెండి మురుగులు, వకుళకి పెద్ద అగరొత్తుల కట్ట తీసుకుని. "కొత్త ప్రయోగానికి ముడిసరుకండి," అన్నాడు. ఈసారి అతనికి నవ్వు బాగానే వచ్చింది. ఆశ కలిగితే నాళాలు ఎలా చెమరుస్తాయో చూద్దామని కొత్త కాగితాలు ఇద్దరూ కలిసే రాశారు మరి.

గవర్రాజుని దొడ్డివైపు, వంటవాళ్ళు పొయ్యిలు పెట్టినచోట కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయనే అక్కడ కూర్చుంటానన్నాడు. వకుళ బిళ్ళ తీసుకెళ్ళింది గానీ పదిమందిలో దవడ మీద దీపం ఏంటని ఆయన పెట్టుకోలేదు. జెండా కూడా ఇంట్లోనే ఉండిపోయింది.

పిల్లాడు ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తల్లి ఊపింది, అమ్మమ్మ జోల పాడింది, ఎవరో గిలక్కాయ ఆడించారు. ఏడుపు ఆగలేదు. అవతల పంక్తి మొదలైంది. భ్రమరాంబ నడుం బిగించి తనే నెయ్యి వడ్డిస్తోంది. వెనక పొయ్యిమీద పూర్ణం బూరెల మొదటి వాయి పడింది. వేగే బూరెల వాసన షామియానా ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది.

అప్పుడు దొడ్డివైపు నుంచి ఒక ఈల వినిపించింది.

మొదట గాలిలా వచ్చింది, తెగింది. మళ్ళీ వచ్చింది. రెండోసారి సన్నగా, తడిగా, నిలకడగా సాగింది. ఉయ్యాల్లో పిల్లాడు ఏడుపు మానేసి ఆ శబ్దం ఎటునుంచో అని వెతుక్కున్నాడు.

పంక్తి మధ్యలో భ్రమరాంబ ఆగిపోయింది. నెయ్యి గరిటె ఒక పెద్దమనిషి విస్తరి మీద వంగినది వంగినట్టే ఉండిపోయి, నెయ్యి ధారగా కారిపోతోంది. ఆయన "చాలమ్మా, చాలు" అంటున్నా ఆవిడకి వినబడలేదు. ఆవిడ కళ్ళు కోడలి కోసం వెతికాయి. వకుళ సంచిలోంచి బిళ్ళ బయటికి తీసి, ఇంక దానితో పని లేదని మళ్ళీ లోపల పెట్టేసింది.

"ఆయనేనా?" అంది భ్రమరాంబ.

"ఆయనే అత్తయ్యా."

ఆవిడ కొంగుతో గబగబా కళ్ళు తుడుచుకుంది. వంటవాళ్ళ వైపు తిరిగి, "ఆ మొదటి వాయి ఎవరికీ వడ్డించకండి," అంది గట్టిగా. "అవి మా గార్డు గారివి."